గడప అవతల

బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు పంచాం.
గడప దాటితే గారెలంటుంది మా అత్త.
వద్దత్తా, ఇప్పుడే దాటనివ్వను.

చిట్టినగర్ కొండమీద ఇల్లు మాది.
గడప అవతల వాకిలి లేదు,
నూట పన్నెండు మెట్లు.

విరిగిన మంచం చెక్కని అడ్డం పెట్టి
గోనెతాడుతో బిగించాడు మా ఆయన.
స్టవ్వు గట్టెక్కింది.
ఫినాయిలు సీసా అటకెక్కింది.
నీళ్ల బకెట్టు వాడగానే బోర్లా పడుకుంటోంది,
దానికెవరూ బొబ్బట్లు పంచలేదు.

నిన్న
మెట్లన్నీ ఎక్కొచ్చి, బిందె దించకుండానే చూద్దును గదా,
చెక్కమీద గడ్డం ఆనించి
కింద పోయే రైళ్లు చూస్తోంది కెజియా.
నిలబడి!
తనంతట తాను,
మొదటిసారి.

నవ్వాను. ముద్దు పెట్టుకున్నాను.
నిలబడితే ఏం పంచాలో
అత్తనడగాలి.

చెక్క ఇంకో జానెడు పెంచమని
ఆయనకి ఫోన్ చేశాను ముందు.