ముందు రెక్క ఖరీదు

మా ఊరి పేరు పలికితే
రొట్టె కాల్చే డబ్బా గుర్తొస్తుంది.
టోస్టర్. నార్తాంప్టన్‌షైర్.
గొర్రెల మేతకి ఆనుకుని రేసు కార్ల ఫ్యాక్టరీ.
అందులో నేను కారు ముట్టుకోని మనిషిని.
పేరు లినెట్. పని, గీత కాపలా.

ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దని
పైవాళ్ళు గీత గీశారు.
గీతకి ఇవతల బోల్టు, నట్టు, రంగు డబ్బా,
గాలి సొరంగం మింగిన కరెంటు,
రాత్రి షిఫ్టు వాళ్ళు తిన్న శాండ్‌విచ్‌లు.
అవతల డ్రైవర్ జీతం.
అదెందుకు అవతల అని అడిగితే
మా బాసు కిటికీలోంచి గొర్రెల్ని చూస్తాడు.

శాండ్‌విచ్ మీద నాలుగు రోజులు వాదన.
కోడిమాంసం ముక్క కారు వేగం పెంచుతుందా?
నవ్వకండి, పదకొండు పేజీలు రాశాను.
అవతలి జట్టు ఒక ఇంజనీరుని
వంటమనిషని రాసుకుందని పుకారు.
తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు.
ఇక్కడ కాకిలెక్కలు కుదరవు,
కాకి ఎన్ని మెతుకులు తిన్నదో రసీదు కావాలి.

లేతు మిషన్ దగ్గర క్లైవ్ హాబ్డే ఉండేవాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు.
వేలితో తడిమి
వెంట్రుకలో సగం తేడా చెప్పేవాడు.
గీత లోపల ఇమడని వాళ్ళ జాబితా
నా కంప్యూటర్లోంచే వెళ్ళింది.
అతని కప్పు ఇంకా సింకు పక్కన బోర్లించే ఉంది.
దాన్ని ఏ పద్దులో వెయ్యాలో
నాకెవరూ చెప్పలేదు.

నా మొగుడు రెటో జ్యూరిక్‌లో ఉంటాడు,
దేశాలు ఆడే ఫుట్‌బాల్ పండక్కి
తేదీలు కుట్టే దర్జీ.
నాకు డబ్బు చాలదు, అతనికి రోజులు చాలవు.
ఈసారి పండగ ఎడారి నగరానికి దక్కింది.
జూన్ ఎండని వాయిదా వెయ్యలేం,
అందుకని ఆటనే చలికాలానికి జరిపారు.
జరిపితే ఊరుకుంటాయా,
లీగులు, టీవీలు, హోటళ్ళు, క్రిస్మస్
ఒకదాని తోక ఇంకొకటి తొక్కి అరిచాయి.
మా పెళ్ళిరోజు క్వార్టర్ ఫైనల్ కింద పడింది.
"పెనాల్టీల దాకా పోకపోతే ఫోన్ చేస్తా" అన్నాడు.

ఒక శనివారం రాత్రి, బూట్లు కూడా విప్పకుండా:
"జూన్‌లో పరిగెత్తితే ఆటగాళ్ళు పడిపోతారని
డాక్టర్లు నలభై పేజీలు రాశారు, లినెట్.
అదే జూన్‌లో
స్టేడియం పైకప్పుకి రేకులు బిగించిన వాళ్ళ గురించి
ఒక్క పేజీ ఉందేమోనని వెతికాను."
ఆపైన మాట్లాడలేదు.
మా శాండ్‌విచ్‌లకే పదకొండు అనబోయి
మింగేశాను.
సూప్ చల్లారిపోయింది.

మర్నాడు రేసు.
పద్నాలుగో ల్యాప్, వాన.
మా ఓస్సి గోడకి కొట్టుకున్నాడు.
పంతొమ్మిదేళ్ళ ఫిన్లాండ్ కుర్రాడు,
పరీక్షకి వెళ్ళేవాడిలా
చప్పరింపు బిళ్ళ బుగ్గన పెట్టుకుని కారెక్కుతాడు.
తెర మీద నల్లటి ముక్కలు పిట్టల్లా లేచాయి.
ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు.
నేను కూర్చునే ఉన్నాను.
ముందు రెక్క, ఫ్లోరు, కుడి సస్పెన్షన్,
గేర్‌బాక్స్ అనుమానమే,
మనసు దానంతటదే కూడుకుంటూ పోయింది.
మొత్తం తేలింది. గీత ఇంకా దూరంలోనే ఉంది.
అమ్మయ్య, అనుకున్నాను కూడా.

అప్పుడు రేడియోలో దగ్గు.
"బాగానే ఉన్నా. సారీ, రెక్క పోయింది."
వాడిదీ రెక్క ధ్యాసే.

సాయంత్రం ఆ కప్పు కడిగి, పేపర్లో చుట్టి,
క్లైవ్ ఇంటికి పోయాను.
ఏమంటాడో, తలుపు మొహం మీదే వేస్తాడో.
చెప్పులు లేని కాళ్ళతో వచ్చి తలుపు తీశాడు.
నన్ను చూశాడు, పొట్లాన్ని చూశాడు,
రెండింటి గురించీ ఏమీ అనలేదు.

"ఆ పిల్లాడికి ఏం కాలేదు కదా?"

లేదు అనడానికి
నాకు కొంచెం సేపు పట్టింది.