తరుగు

జోగుపాళ్యలో మా ఇల్లు
మూడు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు.
కింద మేము. నడుమ గిరిజాబాయిగారు, ఆవిడ వీణ.
పైన ఫ్రాన్సులో ఏదో పల్లె నుంచి వచ్చిన ఎతియెన్.
ఆ పేరు నోరు తిరగక మా శేషారత్నం
"యతీంద్రా" అంటుంది. అతనూ పలుకుతాడు.

అతని ఊళ్లో మనుషులు నూట పన్నెండు, ఆవులు నాలుగు వందలట.
బెంగ పుట్టినప్పుడల్లా పాలు విరగ్గొడతాడు.
ముద్ద చేసి, ఉప్పు పామి, గడ్డి మీద పడుకోబెట్టి
మెట్ల కింద చీకటి గూట్లో దాస్తాడు, బూజు పట్టేదాకా.
మన ఊరి చలి అచ్చం వాళ్ల అమ్మమ్మ నేలమాళిగేనట.
వాసన మాత్రం,
వానలో తడిసిన మేజోళ్లు
ట్రంకుపెట్టెలో వారం మూసినట్టు.

శ్రావణంలో మొదటిది పోయింది.
కార్తికం నాటికి ఏడు.
"మా ఊళ్లో అయితే చర్చి ఫాదరుకి చెప్తాం. ఇక్కడ?"
"ఇక్కడ నాకు చెప్తారు," అన్నాను.
ఐటీఐ స్టోర్సులో ముప్పైరెండేళ్లు
మరలూ నట్లూ లెక్కపెట్టినవాణ్ణి.
ఒక్క వాషరు తగ్గితే అన్నం సయించేది కాదు.

మొదటి అనుమానం పిల్లి మీద.
గూటి దాకా వెళ్లింది, మూతి ముడిచింది,
సన్యాసం పుచ్చుకున్నదానిలా వెనక్కి వచ్చేసింది.
రెండోది ఇస్త్రీ బండి మునెప్ప.
"అక్కడ ఎలక చచ్చిందని నెలనుంచి చెప్తున్నా సార్,
వినేవాడేడీ!"
కొట్టేశాను పేరు.
గిరిజాబాయిగారి వీణ ఆగిన నిమిషాలన్నీ రాసుకున్నాను.
ఆగినప్పుడల్లా ఆవిడ కాఫీ తాగుతోంది, పాపం.

చివరికి ఒక రాత్రి గూటి ముందు బియ్యప్పిండి చల్లాను,
దొంగ అడుగులు పడతాయని.
తెల్లారి చూస్తే అడుగుల్లేవు.
చక్కటి ఎనిమిది చుక్కల ముగ్గు ఉంది.

ముప్పయ్యారేళ్లుగా రోజూ దాటుకుని వెళ్లే ముగ్గు అది.
అయినా నాకు తట్టలేదు.
నోట్‌బుక్‌లో "దొంగకి కళాభిరుచి కలదు" అని రాసుకున్నాను.

కేసు విప్పింది చిక్కుడు పాదు.
ఎరువెరగని పాదు, కుండీ దాటి, గోడ దాటి,
మునెప్ప బండి గొడుగు మీదికి పాకి
బొటనవేలంత కాయలు కాసింది.
మట్టి వేలితో కదిపాను.
ట్రంకుపెట్టె మూత తెరుచుకుంది.

"రత్నం, యతీంద్ర జున్ను పోయిందటోయ్," అన్నాను, చిక్కుళ్లు ఈనె తీస్తున్నదాన్ని
కంటికొసతో చూస్తూ.
"పోవడమేమిటి? పాలబ్బాయి జున్నుపాలిస్తే
బెల్లమేసి, మిరియాలు దంచి నేనే వండిచ్చాగా!
డబ్బా నాకి మరీ ఇచ్చాడు."
"అది కాదు. గూట్లో ఉండేది."
చెయ్యి ఆగింది. ఈనె ఆగింది.
"అదీ జున్నేనా?"

కుళ్లిన పాలని తెలీదు కాబోలు పిల్లాడికి,
నలుగురిలో చెప్తే చిన్నబోతాడని
చాటుగా పాతిపెడుతూ వచ్చిందట.
పాతి, చేతులు కడుక్కుని, ఒకసారి స్నానం కూడా చేసిందట.

ఎతియెన్ నవ్వాడు. మెట్ల మీద కూర్చుని
కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.
ఇప్పుడు ఆ గూటికి కాపలా శేషారత్నమే.
తలుపుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది,
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రోజూ తిప్పి పెడుతోంది.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు.
పోయినవి ఏడు.
పాదు కింద తాను పెట్టినవి ఆరేనని
ఆవిడ దేవుడి పటం మీద ఒట్టేస్తోంది.

పరిశోధకుడన్నాక
సాక్ష్యాన్ని అన్ని విధాలా పరీక్షించాలి.
వేడి జొన్నరొట్టె మీద, రాత్రి పదకొండుకి,
లైటు వెయ్యకుండా పరీక్షించాను.

స్టోర్సు పుస్తకంలో ఇలాంటి వాటికి ఒక గడి ఉంటుంది.
ఏడోదాన్ని అందులో రాసి
సంతకం పెట్టేశాను: తరుగు.