సున్నా దెబ్బలు

ఖురియాత్‌ల వాదీ అంటే నదే,
నీళ్లు మాత్రం ఏడాదికి రెండు రాత్రులు.
మిగిలిన దినాలన్నీ ఎండకు తెల్లబడ్డ గుండ్రాళ్లు,
వాటి నడుమ మా రిగ్గు,
రిగ్గు కింద నాలుగు ఫీట్ల నీడ.
దాన్ని వంతులేసుకొని వాడుకుంటం.

ఇక్కడ వంతెన రావాలె.
వంతెన కంటె ముందు మేం వచ్చినం.
గుల్ జమాన్ లివరు పడుతడు,
రాజలింగు తాడు పడుతడు,
నేను లెక్క పడుత.

అరవై మూడున్నర కిలోల సుత్తె
రెండున్నర ఫీట్ల ఎత్తుల నుంచి పడుతది.
గొట్టం అర ఫీటు దిగెతందుకు ఎన్ని దెబ్బలో
అదే ఆ నేల మాట్లాడే మాట.
యాభై దెబ్బలకు కూడ కదలకుంటె
కాయితం మీద రెఫ్యూజల్ అని రాస్తం,
భూమి కాదన్నదని.

మొదటి మీటరు: ఇసుక, మీద ఉప్పు పెచ్చు.
రెండో మీటరు: గుండ్రాళ్లు, వాటిల ఒక చెప్పు.
నీలిరంగు హవాయి. ఎడమ కాలుది.
పెద్ద తుఫాన్ల కొట్టుకొచ్చి ఉంటదన్నడు గుల్ జమాన్.
ఎవలి కాలో ఎవ్వలం అడగలే.
షీటు మీద రంగుకు గడి ఉన్నది, తేమకు ఉన్నది,
గింజ సైజుకు ఉన్నది,
చెప్పుకు లేదు.
'ఇతర పదార్థాలు, కొద్దిగ' అని రాసిన.

నాలుగు, ఐదు, ఆరు: కంకర, కంకర, కంకర.
ఏడో మీటర్ల సున్నం పట్టిన రాయి
బిట్టు పళ్లు రెండు రాలగొట్టింది.
ఇంజనీరు మోజా ఎండల కూసొని
నాకు మట్టి తినుడు నేర్పింది.
చిటికెడు ముందుపళ్ల నడుమ పెట్టుకో,
గరగరమంటె ఒండ్రు,
వెన్న లెక్క జారితె బంక.
ఆమె నమిలి ఉమ్మి, నవ్వి, పెన్సిలు తీసుకున్నది.

తొమ్మిదో మీటర్ల నీళ్లు పడ్డయి.

రాయికల్ కాడ మా నాయిన నాలుగు బోర్లు ఏయించిండు.
నాలుగింట్ల దుమ్మే.
నడిరాత్రి రిగ్గు చుట్టు నిలబడి
లేచే దుమ్ము తెల్లగున్నదా, తడిగున్నదా అని
బ్యాటరీ లైటు కొట్టి చూసినోళ్లం.
ఇక్కడ తడి తగలంగనే మోజా నొసలు ముడుస్తది,
టేపు దించి కొలిచి
ఆ నీళ్లను దోషాల వరుసల ఎక్కిస్తది.

ఉప్పు నీళ్లే గదా అన్నడు రాజలింగు.
వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నడు.
మల్ల ఏం అనలే.
నేనూ ముంచి చూసిన.
నిజామాబాద్ బస్టాండ్ల కొనుక్కున్న సీసా నీళ్ల కంటె
తియ్యగ ఉన్నయి.

పదకొండో మీటరు.
సుత్తె ఇంకా లేవనే లేదు,
రాడ్ల బరువుకే గొట్టం దిగిపోయింది
మెత్తగ, చప్పుడు లేకుంట,
నిద్రల కాలు జారినట్టు.
పైకి తీస్తె గోడలకు ఇంత నల్ల ఒండ్రు,
గోరంత గుల్లలు, పాత చేపల వాసన.
సముద్రం ఎప్పుడో ఇక్కడిదాక వచ్చి
కొన్నాళ్లు కూసొని పోయినట్టున్నది.

కాంట్రాక్టరు మనిషి బెన్నీ చాకో కారు దిగకనే అన్నడు:
ఆరు దెబ్బలు వెయ్యి, ఎవలు చూసిండ్రు?
సున్నా రాస్తె పైళ్లు లోతుకు పోతయి,
పైళ్లు లోతుకు పోతె పైసలు పోతయి.
మోజా అప్పటికే ఇంకో గుంత కాడికి పోయింది.
పెన్ను నా చేతిల ఉన్నది.
అద్దం ఎక్కించుకొని ఏసీల కూసున్నడు, చూసుకుంట.

చిన్నప్పుడు పలక మీద సున్నా చుట్టితె
కొసలు ఎన్నడు కలవకపోయేటియి.
ఆ రోజు కలిసినయి.

పొద్దుమీకినంక పెట్టెల మట్టి సర్దినం
ఒక్కో మీటరుకు ఒక్కో అర.
పదకొండో అర నిండలే, ఒండ్రు మొత్తం జారిపోయింది.
అసొంటి జాగల కట్టెముక్క పెట్టాలె, అది రూలు.
రాజలింగు కట్టె కోసిచ్చిండు,
దాని మీద మార్కరుతోని రాసిన:
పదకొండు నుంచి పదకొండున్నర.
చేతికి రాలే.

చెప్పును గుల్ జమాన్ పారేయలే.
రిగ్గు నిచ్చెనకు వేలాడగట్టిండు.