నూట పదిహేడు

షెఫీల్డులో, డాన్ నది ఒడ్డున,
ప్రార్థనలు మానేసిన చర్చి హాల్లో
నెలకో శనివారం వేలం పాట.
జాబితా రాసేది నేను.
"మంగలికత్తి. నల్లకొమ్ము పిడి.
మొన దగ్గర ఆవగింజంత తుప్పు.
వాడిన జాడ లేదు."
ఆ చివరి ముక్క మాత్రం గుండ్రంగా రాస్తాను,
అందులోనే రెండు వందల పౌండ్లున్నాయి.

వాడిన జాడ లేదంటే,
ఏ చెంపా దాన్నెరగదు.
ఏ పెళ్ళికొడుకు గొంతు మీదా ఊపిరి బిగబట్టలేదు.
నూనె కాగితంలో చుట్టుకుని
తొంభై ఏళ్ళు పని ఎగ్గొట్టి పడుకుంది.

దాని పక్కది నూట పద్దెనిమిది.
అదే కంపెనీ, అదే కొలిమి, బహుశా అదే వారం.
ఒక ట్రామ్ డ్రైవరు నలభై ఏళ్ళు
తెల్లారకముందే తోలుపట్టీకి రాసి రాసి
అలుగంతా అరిగి
తదియనాటి చంద్రుడంత మిగిలింది.
దాని ధర ఆరు పౌండ్లు.
ఒక కాఫీ, ఒక బన్ను.

కొత్తగా చేరిన కుర్రాడు ఓస్మండ్ అడిగాడు:
"గడ్డం గీసే ముక్కకి ఇంత రేటేమిటండీ?"
చెప్పాను.
థార్న్‌లీ కంపెనీ మూతపడిందయ్యా,
చచ్చినవాడి కళ్ళు చారెడు.
అలుగు చూడు, గోటితో మీటితే మోగుతుంది,
అంత పల్చగా సానబట్టే చేతులు
ఆ పసుప్పచ్చ సాన బురదలోనే దగ్గి దగ్గి పోయాయి.
అలుగు మీద ఆ బంగారు పూత రాత చూశావా,
పదిసార్లు నూరితే చెరిగిపోతుంది.
అందుకని కొన్నవాడు నూరడు.
నూరడు గనక గీయడు.
గీయని కత్తికే గిరాకీ.

ఇంకోటి ఉంది, భూతద్దం పెట్టి చూడు.
కంపెనీ పేరులో ఎన్ తిరగబడింది.

మా అమ్మమ్మ విన్నీ ఆ కంపెనీలో మెరుగుపెట్టే పిల్ల.
ఎర్ర తలగుడ్డ, ఒంటికి పాత వార్తాపత్రికలు కట్టుకుని
రోజంతా ఇసుకపొడిలో నిలబడేది.
ఆమె చెప్పింది:
ముద్ర చెక్కేవాడు అక్షరాలన్నీ
అద్దంలోలా తిప్పి చెక్కాలిట.
ఆర్కిబాల్డ్ స్టానిఫోర్త్, పద్నాలుగేళ్ళు,
ముందురోజే తల్లిని పూడ్చి వచ్చినవాడు,
ఒక్కటి మర్చిపోయి
తిన్నగా చెక్కాడు.

మూడు డజన్ల మీద పడ్డాక గానీ మేస్త్రీ చూడలేదు.
రెండు వారాల కూలి కోశాడు.
కత్తులన్నీ కుర్రాడి చేతే నదిలో పారేయించాడు.
అన్నీ పారేశాడా అంటే
అమ్మమ్మ కిటికీ వైపు చూసేది.
"వాడికి సగం రొట్టె ఇచ్చాను, తినలేదు,"
అది మాత్రం చెప్పేది.

ఇప్పుడు లోకంలో ఐదున్నాయంటారు.
తిరగబడ్డ ఆ ఒక్క అక్షరానికి
తొమ్మిది వందలు అదనం.
జాబితాలో "ముద్రణ దోషం, అరుదు" అని రాశాను.
ఆర్కిబాల్డ్ అని రాయడానికి గడి లేదు.

పాట మొదలైంది.
ఫోన్లో ఒసాకా ఆయన,
మూడో వరసలో బొడ్డుదాకా గడ్డం పెంచిన లీడ్స్ ఆయన.
పన్నెండు వందలు. పదమూడు.
పదమూడున్నర దగ్గర ఒసాకా నిట్టూర్చింది.
సుత్తి పడింది.
గడ్డమాయన పెట్టె తెరిచాడు, చూశాడు, మూశాడు.
అద్దాల బీరువాలో వేలాడదీస్తాడట,
ఎండ తగలని చోట.

నూట పద్దెనిమిదికి ఎవరూ చెయ్యెత్తలేదు.
హాలు ఊడ్చే హెడ్లీ
జేబులు తడుముకుని చిల్లర లెక్కపెట్టాడు, నాలుగున్నర.
"తీసుకుపో," అన్నాను.

మళ్ళీ నెల వచ్చాడు, చీపురుతో.
నున్నటి చెంపలు.
చుబుకం మీద నెత్తురు ఆపడానికి అంటించిన
చిన్న కాగితం ముక్క.
"చెయ్యి ఇంకా అలవాటు పడలేదు,
అది మాత్రం ఏం మర్చిపోలేదు మేడమ్,"
అంటూ బెంచీలు పక్కకి లాగాడు.