కోత తప్పిన ఆకు

పర్లాకిమిడి కోర్టు వెనక సందులో
నాది బైండింగు కొట్టు.
ఒరియా రిజిస్టర్లు, తెలుగు పంచాంగాలు,
వెన్ను విరిగిందేదైనా నా బల్ల మీదికే.

కాశీనగరం నుంచి ఇన్నాసమ్మ వచ్చింది,
గోనెసంచిలో రెండు బైబిళ్లు.
ఒకటి తనది, ఆర్సీఎం గుడిది.
రెండోది మొగుడిది. జ్ఞానరత్నం, బాప్టిస్టు డీకను,
పోయి నెల కూడా కాలేదు.
"సెదలు అట్టలు తినీసినాయి బాబూ,
మాటల దాకా రానేదు."

విప్పి గ్రంథాలు లెక్కపెట్టాను, అలవాటు.
ఆమెదాంట్లో ఏడు ఎక్కువ.
మళ్లీ లెక్కపెట్టాను.
"తప్పు కాదులే. మా ఇంట్లో తగువంతా ఆ ఏడే."

మైలుతుత్తం కలిపిన మైదాజిగురు ఉడికేలోగా
నలభై ఏళ్ల తగువు విన్నాను.
ఆయన: రాసిందే చాలు,
పోపైనా పాస్టరైనా దాని కిందే నిలబడాల.
ఆమె: ఏది రాతో ఏది కాదో ఏరి నీ సేతికిచ్చిందెవులు?
అట్ట కట్టుకుని ఆకాశంలోంచి పడిందేటి?
ఆయన: కంసాలి బంగారాన్ని గుర్తుపడతాడు, పుట్టించడు.
ఆమె: ఆ కంసాలి కన్ను తప్పదని నువ్వే ఒప్పుకున్నావు మరి!
అక్కడికి చారు చల్లారిపోయేది.
ఆదివారం వంశధార గట్టు దాకా ఒకే గొడుగు,
ఆపైన ఆమె ఎడమకి, ఆయన కుడికి,
గొడుగు ఆమెకే.

నాకు తోచింది చెప్పబోయాను, దారం గురించి.
మానుకున్నాను.
సూది పట్టినవాడికి ప్రతిదీ దారమే.

ఆయన పుస్తకంలో
పాత నిబంధన అయిపోయి కొత్తది మొదలయ్యే చోట
ఒక ఖాళీ ఆకు.
ఖాళీ కాదు. పెన్సిలు. డీకను గుండ్రటి చేతిరాత.
ఆ ఏడింట్లో ఒకదానిది,
పెళ్లిరాత్రి చావుకి జడిసిన జంట
మోకరించి చేసుకున్న ప్రార్థన,
ఇద్దరినీ కలిసి ముసలివాళ్లని కానిమ్మని.
అధ్యాయం వెయ్యలేదు, వచనం వెయ్యలేదు.
కింద ఒక తేదీ మాత్రం.

ఇన్నాసమ్మ ఆకుని దూరంగా పట్టుకుని చదివింది.
టైఫాయిడుతో తను బరంపురం ఆస్పత్రిలో
పడున్న వారమట అది.
"దొంగ సచ్చినోడు," అంది.
అన్నాక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెన్సిలు గీతలు అంచు దాకా పాకున్నాయి.
మిషనులో పెడితే 'కలిసి' సగం తెగుతుంది.
కొమ్ముపుల్లతో ఆ ఒక్క ఆకునీ లోపలికి మడిచాను,
మిగతా దొంతర కోసి
మళ్లీ విప్పాను.
రెండు వడ్లగింజల మేర బయటికొచ్చింది.

వారానికి, ఆమె తరఫున పాస్టరుగారే వచ్చారు మోటారుసైకిలు మీద.
రెండు పుస్తకాలూ ఒకే సంచిలో వేసుకుంటూ
బొటనవేలితో అంచు తడిమారు.
"ఇక్కడ కోత సరిగ్గా రానట్టుంది?"
"అవునండి," అన్నాను.
పది రూపాయలు తగ్గించుకున్నాను.