తల్లిపొర

కలంజానుస్ కొండల్లో
కార్కు చెట్టు బెరడు ఒలిచాక
ఆ ఏటి చివరి అంకె తెల్లగా రాస్తారు మొద్దు మీద.
మళ్ళీ పదేళ్ళదాకా ఎవరూ గొడ్డలి వెయ్యకూడదు.
అది తాళం కాదు,
"ఇప్పుడు కాదు" అనడం, అంతే.

బాస్తియాను చెప్పాడు నాకిది,
సస్సరి ఆసుపత్రి బల్ల మీద కూచుని,
లోపల కూతురికి ఎవరిదో నెత్తురు ఎక్కుతుంటే.
మూడు వారాలకో సంచి. ఇరవై మూడేళ్ళు.
సంచుల లెక్క నాది, తెర మీద గీతల లెక్కా నాదే.

డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను:
"కడుపులో ఉన్నప్పుడు పియెత్రీనాకి ఇంకో నెత్తురుండేది.
అమ్మ ఊపిరిలోంచి తన వాటా లాక్కునేంత గడుసుది.
పుట్టాక దాన్ని అటకెక్కించారు.
చెరపలేదు. ఉండలా చుట్టి పెట్టి
గుమ్మంలో కాపలావాణ్ణి కూచోబెట్టారు,
కొత్తది వచ్చి పని అందుకుంటుందని."

అందరికీ అందుకుంది.
ఈ పిల్లకి అందుకోలేదు.
కాపలావాడికి ఆ కబురు లేదు,
వాడి డ్యూటీ వాడు చేస్తున్నాడు.

"లేపెయ్యండి వాణ్ణి," అన్నాడు బాస్తియాను.
"కుదరదు. మెదడులో వాడితో పనుంది.
ఎర్ర కణాలు పుట్టే వీధిలో మాత్రం
వాడి జీతం ఆపేస్తాం."

అతను తన అరచేతులు చూసుకున్నాడు చాలాసేపు.
"బెరడు కింద ఎర్రటి పలచని పొర, అమ్మ అంటాం దాన్ని.
గొడ్డలి అక్కడే ఆగాలి.
తగిలిందా,
ఆ చోట చెట్టు ఇక బెరడు కట్టదు.
మీకు తెలుసుగా, ఎక్కడ ఆపాలో?"

తెలుసు అన్లేదు డాక్టరమ్మ.
చూపిస్తాను రండి, అంది.

మజ్జను తుడిచేసిన మందు,
దిండు మీద జుట్టు,
అద్దాల గదిలో ముప్ఫై నాలుగు రోజులు,
నోటినిండా పుళ్ళు, ఐసు ముక్క కూడా మంటే.
వీటికి నా దగ్గర పోలికల్లేవు.

నవంబరులో ఓ మంగళవారం
గీత పాక్కుంటూ వచ్చింది.
ఎఫ్ అనే అక్షరం దగ్గర
ఎప్పుడూ చీమ కుట్టినంతే ఉబ్బేది.
కొండ లేచింది.

పొరపాటున పురిటివార్డు సీసా కలిసిందేమో అనుకున్నాను.
పేరు మూడుసార్లు చదివాను.
యంత్రం కడిగి మళ్ళీ నడిపాను.
మళ్ళీ కొండే.

ఇరవై నాలుగేళ్ళ మనిషి నరాల్లో
పుట్టకముందు నేర్చిన పని
ఒక్క మెలకువ మర్చిపోకుండా.

కొండ కింద తేదీ రాశాను,
చివరి అంకె కాస్త పెద్దగా.

జనవరిలో, మూడో వారం కదా అని
చెయ్యి అలవాటుగా రిజిస్టరులో ఆమె పేరు రాసేసింది,
గ్రూపు కూడా.
కొట్టేశాను.

ఆ కుర్చీలో ఇప్పుడు నాలుగేళ్ళ పిల్లాడు,
నీలం స్వెట్టరు, కాళ్ళు నేలకందవు.
సంచి ఎందుకు అంత ఎర్రగా ఉందని
వాళ్ళ నాన్నని అడుగుతున్నాడు.