సీసం బిళ్ళ

షార్జా ఎయిర్‌పోర్టు, కార్గో షెడ్డు, మూడో గేటు.
యారెమా అనేటోడు మా సూపర్‌వైజరు.
నోరు తిరగక మావోళ్ళంత "యా రామా" అని పిలిచేటోళ్ళు.
పలికేటోడు. అది దేవుడి పేరని మేం చెప్పలె, ఆయన అడగలె.

తొంబై ఏడు, జులై.
ఇనుము ముట్టుకుంటే తోలు అంటుకపొయ్యే ఎండ.
రష్యా విమానం కడుపు తెరుచుకోని నిలబడేది,
టీవీలు, తోలు కోట్లు, చైనా గడియారాలు మింగుతందుకు.
ఒక్కో పెట్టెకు తీగ చుట్టి, సీసం బిళ్ళ గుచ్చి
పట్కారుతోటి నొక్కేటోడు యారెమా.
నొక్కినంక బొటనవేలుతోటి తడిమేటోడు,
పసిపిల్ల నుదురు చూసినట్టు.

"టీవీకి గంత జాగ్రత్తెందుకన్నా?"
కరక్ చాయ్ నేల మీద పెట్టి
సగం అరబ్బీల, సగం సైగల చెప్పిండు.

అప్పటికి వాళ్ళ దేశానికి నాలుగేండ్లు.
పెద్దిల్లు కూలితే పదిహేను వాటాలు.
వీళ్ళ వాటాకు గోధుమ చేన్లు, బొగ్గు గనులు,
జీతాల్లేని పటాలం,
ఇంకా నేల లోపట నిలువు గుంతలల్ల
నిలబెట్టిన చావులు.
ఎన్ని? వేళ్ళు చూపిచ్చిండు, చాలలె.
తాళంచెవి పాలోని కాడ, పెట్టె మా ఇంట్ల.
కాపలా మాది, ఖర్చు మాది,
పేలితే పాడె గూడ మాదే.

పెద్దోళ్ళు కోట్లేసుకోని సంతకాలు చేసిండ్రు.
మీ గట్టు మీద మా కాలు పడదని రాసిచ్చిండ్రు.
యారెమాకు కోటు లేదు. పట్కారు ఇచ్చిండ్రు.
రాత్రిపూట, మంచుల, దీపాలార్పిన వ్యాగన్లు.
ఒక్కో బాంబు తలకాయ ఎక్కినంక తలుపుకు తీగ, తీగకు సీసం.
చేతితొడుగు ఇప్పితేనే నొక్కుడు కుదిరేది.
రెండు వేళ్ళ కొసలు అట్లనే సచ్చిపొయినయి.
పట్టుకోని చూసిన. షార్జా జులైల గూడ సల్లగున్నయి.

"ఆఖరి బండి కదిలినంక ఏమనిపిచ్చిందన్న?"
"ఆకలి" అన్నడు.

నాకు మా తాత భర్మారు యాదికొచ్చింది.
దొరల మీదికి లేచిన నాటి తుపాకి.
తాత పొయ్యినంక బొంతల చుట్టి నాయిన దూలం మీద దాసిండు.
పేలుతదో లేదో ఎవ్వలికి తెల్వదు.
ఉన్నదని మాత్రం ఊరంతటికి తెలుసు.
అమ్మ పోరంగ పోరంగ డెబ్బై ఎనిమిదిల
సిరిసిల్ల ఠాణాల అప్పజెప్పి, రసీదు తెచ్చి
పంచాంగంల పెట్టిండు నాయిన.
పదకొండో రాత్రి జీపొచ్చింది.
కొట్టింది ఆ తుపాకి మడమతోనే.
కట్టె మీద తాత చెక్కిన నెమలి
నాయిన ఈపు మీద అచ్చువడ్డది.

యారెమా చానాసేపు మాట్లాడలె.
"రసీదు ఉన్నదా?"
"ఉన్నది."
"మా కాడ గూడ ఉన్నది."

"మరి ఇయ్యకుంట ఉండాల్నా అన్నా?"
"మీ నాయిన ఏమన్నడు?"
దూలం కింద ఇరవై ఏండ్లు సక్కగ నిద్రవోలేదన్నడు.
ఠాణాల ఇచ్చొచ్చినంక పది రాత్రులు పోయిండట.
"పది" అని యారెమా
వేళ్ళ మీద లెక్కవెట్టుకున్నడు,
ఆ సచ్చిన రెండిటితో కలిపి.
మైకుల ఎవరో పిలిచిండ్రు. లేచి పోయిండు.

ఇరవై రెండు, ఫిబ్రవరి.
రోలా కాడ మలయాళీల కెఫెటీరియా టీవీల
ఒక రైలు స్టేషను, పైన పొగ.
బోర్డు మీది అచ్చరాలు నాకు రావు.
పరోటా సల్లారింది.
యారెమా ఏ ఊరో నేనెన్నడు అడగలె.

పొయ్యేనాడు ఇచ్చిన సీసం బిళ్ళ
నా పెట్టె తాళానికున్నది. అంకెలు అరిగినయి.
ఊరికి పొయ్యేటప్పుడల్ల మిషను కూత పెడ్తది.
"ఏందిది?" అంటడు పోలీసు.
సీసం, ఇంకేం లేదు అంట.
అరచేతిల ఎగిరేసి, బరువు చూసి
తిరిగిస్తడు.